ఫార్ములాలన్నీ వచ్చు, లెక్క దగ్గరే ఆగిపోతోంది: ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్

ప్రశ్న (ట్యూషన్ టీచర్, తెనాలి):
సాయంత్రాలు ఇంట్లోనే ఎంపీసీ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. నాది మ్యాథ్స్. తల్లిదండ్రులు అడగడంతో ఈ ఏడాది ఫిజిక్స్ కూడా మొదలుపెట్టాను. ఒకమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. చలన సమీకరణాలు నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. కానీ ఈ లెక్క దగ్గర ఆగిపోయింది.

40 మీటర్ల టవర్ పైనుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే, ఎంతసేపటికి నేలను తాకుతుంది? (జీ విలువ 10)

మొదట 40 = 10టీ + 5టీ² అని రాసి 2 సెకన్లు అంది. మైనస్ సంగతి గుర్తుచేస్తే 40 = 10టీ − 5టీ² అని మార్చింది. దానికి వాస్తవ మూలాలే లేవు. ఇప్పుడేమో "ఎక్కడ ప్లస్, ఎక్కడ మైనస్ పెట్టాలో ఒక లిస్టు రాసివ్వండి మేడమ్" అంటోంది. ఇవ్వమంటారా?

జవాబు (బీటెక్ స్టూడెంట్, హైదరాబాద్):
ఇచ్చేయండి మేడమ్. ఎత్తు = 5టీ² − యూటీ (యూ అంటే విసిరిన వేగం, టీ అంటే కాలం) అని బట్టీ పట్టించండి చాలు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అక్కడ ఆలోచించే టైమ్ ఉండదు.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, నల్గొండ):
లిస్టు ఇవ్వకండమ్మా. "పైకెళ్తే జీ మైనస్, కిందికొస్తే ప్లస్" అనే ముక్క ఎక్కడో విని ఉంటుంది. ఈ లెక్కలో బంతి పైకీ వెళ్తుంది, కిందికీ వస్తుంది. మరి ఏ గుర్తు పెట్టాలి? పిల్ల చిక్కుకున్నది అక్కడే.

కాసేపు ఫార్ములా పక్కన పెట్టించండి. టవర్ బొమ్మ గీయించి, బంతిని ఊరికే వదిలేస్తే ఎంతసేపు పడుతుందో అడగండి. 40 = 5టీ², అంటే దాదాపు 2.8 సెకన్లు. పైకి విసిరితే ఇంకా ఎక్కువ పడుతుందా, తక్కువా? ఎక్కువే అంటుంది. అప్పుడు తను రాసిన 2 సెకన్లు చూపించండి. మీరు చెప్పక్కర్లేదు, తనే కొట్టేస్తుంది. ఆ 2 కూడా దండగ కాదు, అదే వేగంతో బంతిని కిందికి విసిరితే వచ్చే జవాబు అది. ఆ సంగతి తప్పకుండా చెప్పండి, పిల్లకు ధైర్యం వస్తుంది.

తర్వాత రెండు ముక్కలుగా చేయించండి. పైకి 1 సెకను, 5 మీటర్లు. అక్కడినుంచి కిందికి 45 మీటర్లు, 3 సెకన్లు. మొత్తం 4. ఈ 4 చేతిలో ఉన్నాక సమీకరణం దగ్గరికి రండి. పై దిక్కు ప్లస్ అనుకుంటే చివరిదాకా అదే. వేగం +10, త్వరణం మొదటినుంచి చివరిదాకా −10. బంతి తిరిగింది 50 మీటర్లు, కానీ ఆగిన చోటు బయల్దేరిన చోటికి 40 కింద, కాబట్టి స్థానభ్రంశం −40. టీ² − 2టీ − 8 = 0. మూలాలు 4, −2.

బాబూ, నువ్వు చెప్పిన సూత్రం ఈ లెక్కకు సరిపోతుంది. ప్రశ్నలో "కిందికి విసిరితే" అని ఒక్క మాట మారినా పిల్లలు అదే సూత్రం వాడేస్తారు. అలాంటి పేపర్లు ఎన్నో దిద్దాను.

ప్రశ్న అడిగినవారు:
సార్, అలాగే చేయించాను. 2.8 దగ్గరే తనకు వెలిగింది. కానీ −2 ఏంటని పట్టుకుంది. కాలం మైనస్ ఉండదు, కొట్టేయమనడానికి నాకు మనసొప్పలేదు.

రిటైర్డ్ లెక్చరర్:
ఒప్పకపోవడమే మంచిదైంది. బంతిని టవర్ మీదినుంచి కాక నేలమీదినుంచే విసిరారనుకోండి, సరిగ్గా 10 వేగంతో టవర్ అంచు దాటి పైకెళ్లేలా. అప్పుడు అంచు దాటడానికి 2 సెకన్ల ముందు నేలమీద ఉంటుంది, 30 వేగంతో. కిందపడేటప్పుడూ 30 వేగమే. రెండూ తననే లెక్కకట్టి చూడమనండి. సమీకరణానికి టవర్ తెలీదు, ఈ కదలికలో బంతి నేలమీద ఉండే రెండు క్షణాలనూ ఇచ్చేస్తుంది.

ఈసారి ఇది ఇవ్వండి: సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి లేస్తున్న హెలికాప్టర్ నుంచి, 40 మీటర్ల ఎత్తులో ఒక మూట వదిలారు. ఇదీ అదే లెక్కని మాత్రం ముందే చెప్పకండి.