అప్‌డేట్: పెంకు మెత్తబడిన తాబేలు పిల్లలు

మా కావలి ఇంట్లో ఎర్రచెవుల తాబేలు పిల్లలు రెండూ ఎండు రొయ్యలు తప్ప ఏమీ ముట్టడం లేదని, పెంకు నొక్కితే సొట్టపడుతోందని రెండు నెలల కిందట అడిగాను కదా. పశువుల డాక్టరు చూసి కాల్షియం చాలట్లేదన్నారు. ఎండ కూడా గాజు తొట్టిలోంచి తగిలితే లాభం లేదట, కాల్షియం ఒంటికి పట్టడానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలను అద్దమే ఆపేస్తుంది. ఇప్పుడు రోజూ పొద్దున అరగంట డాబా మీద, సగం నీడ ఉన్న టబ్బులో ఉంచుతున్నాం.

తుమ్మలపెంట బీచ్‌లో ఏరుకొచ్చిన సముద్రపు నురుగు ముక్క (అంటే నురుగు కాదు, కటిల్‌ఫిష్ ఒంట్లోని తెల్లటి ఎముక) కాల్షియం కోసం కడిగి నీళ్లలో వేశా. చిన్నది అంచంతా కొరికి పళ్లచక్రంలా చేసింది (దానికి పళ్లే లేవు!). వానపాములు, పెల్లెట్లు, క్యారెట్ తురుము పెడుతున్నాం. పాలకూర మానేశాం, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

రొయ్యలు ఆపిన మూడు రోజులు అలిగాయి, తర్వాత దిగొచ్చాయి. పెద్దదాని పెంకు గట్టిపడింది. చిన్నదానిది వెనకవైపు ఇంకా కాస్త మెత్తగానే ఉంది. చెరువులో వదిలేయమన్నవాళ్లకు: ఇవి మన దేశపువి కావండీ, వదలను.