అప్‌డేట్: రికవరీ డేటాబేస్‌తోనే పనైంది, అకౌంట్స్ మెయిల్స్ వచ్చేశాయి

హన్మకొండలో మా ఆఫీసు ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్) సర్వర్లు రెండూ డీఏజీలో (ఒకే డేటాబేస్ కాపీలను వేర్వేరు సర్వర్లలో ఉంచే ఏర్పాటు) ఉన్నాయని, అకౌంట్స్ మెయిల్‌బాక్స్‌లో పాత మెయిల్స్ పోయాయని, బ్యాకప్‌ను నడుస్తున్న డేటాబేస్ మీదే రీస్టోర్ చేయాలా అని అడిగాను కదా. అది చేయలేదు. అలా చేస్తే బ్యాకప్ తర్వాత అందరికీ వచ్చిన మెయిల్స్ పోయేవి, రెండో సర్వర్‌లోని కాపీని మళ్లీ సీడ్ చేయాల్సొచ్చేది, అంటే మొదటినుంచీ కొత్తగా కాపీ చేయాల్సొచ్చేది.

రెండో సర్వర్‌లో ఉంటాయిలే అని మా సార్ ధీమా. డిలీట్ కూడా లాగ్‌లతోపాటే (ప్రతి మార్పూ రాసుకునే ఫైళ్లు) అక్కడికి పోతుంది సార్ అని చెప్పాల్సొచ్చింది.

బ్యాకప్‌ను వేరే డ్రైవ్‌లోకి దించాం. మౌంట్ కాలేదు, అంటే డేటాబేస్ తెరుచుకోలేదు! ఈఎస్ఈయుటిల్ అనే ఎక్స్ఛేంజ్ టూల్‌తో హెడర్ (డేటాబేస్ ఫైల్ మొదట్లోని వివరాలు) చూస్తే డర్టీ షట్‌డౌన్, అంటే కొన్ని లాగ్‌లు ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కలేదు. అసలు టెన్షన్ ఇక్కడే. రిపేర్ కొట్టేద్దామన్నారు ఒకరు. అది బాగుచేయలేని పేజీలను (డేటా ముక్కలను) పారేస్తుంది, ఆఖరి దారి మాత్రమే. హెడర్‌లో ‘లాగ్ రిక్వైర్డ్’ దగ్గర చూపిన లాగ్ ఫైళ్లన్నీ బ్యాకప్‌లోనే దొరికాయి. ఆ లాగ్‌లను డేటాబేస్‌లోకి ఎక్కించే సాఫ్ట్ రికవరీ నడిపితే క్లీన్ షట్‌డౌన్‌కొచ్చింది. తర్వాత రికవరీ డేటాబేస్‌గా (నడుస్తున్న దాన్ని ముట్టుకోకుండా పక్కన తెరిచేది) మౌంట్ చేసి, అందులోంచి అకౌంట్స్ మెయిల్స్‌ను అసలు మెయిల్‌బాక్స్‌లోకి తెచ్చే మెయిల్‌బాక్స్ రీస్టోర్ రిక్వెస్ట్ పెట్టాం. ఆ మధ్యలో ఎవరి మెయిలూ ఆగలేదు. అకౌంట్స్ మేడం జీఎస్టీ మెయిల్స్ చూసుకుని చాయ్ పంపించారు.

డిలీటైన ఐటెమ్స్‌ను సర్వర్ మామూలుగా 14 రోజులే ఉంచుతుంది. దాన్ని 30 చేయమన్నాను, డిస్క్‌లో జాగా చూసి చెప్తామన్నారు.