చర్చ: విపత్తు ప్రణాళికలో హామ్ రేడియో వాలంటీర్లకు ఇంకా చోటు ఉండాలా?

నియంత్రణ గది (చర్చ ప్రారంభం)

విపత్తుల సమయంలో సమాచార వ్యవస్థ చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. మా ప్రణాళికను ఇప్పుడు తిరగరాస్తున్నాము. అందులో అమెచ్యూర్ రేడియో (హామ్ రేడియో) వాలంటీర్లకు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచితో సొంత రేడియో స్టేషన్ నడిపేవారికి, కేటాయించిన అధ్యాయాన్ని ఉంచాలా, తీసివేయాలా అన్నది నా ముందున్న ప్రశ్న. తీసివేయడమే మేలని ప్రస్తుతానికి నా అభిప్రాయం. శాటిలైట్ ఇంటర్నెట్ టెర్మినల్‌ను డాబా మీద పెట్టి జనరేటర్‌కు తగిలిస్తే కొద్దిసేపట్లోనే మ్యాపులు, ఫోటోలు, జాబితాలు అన్నీ పంపగలుగుతున్నాము. అటువంటప్పుడు ఒక్కో వాక్యాన్ని గొంతుతో చదివి వినిపించే పద్ధతిని ఎందుకు పట్టుకుని వేలాడాలి?

నా అభ్యంతరానికి ఒక అనుభవం కూడా కారణం. ఒక తుఫాను రాత్రి, ఎవరూ పిలవకుండానే ముగ్గురు రేడియో సెట్లతో మా గదికి వచ్చారు. వారికి మా ఫారాలు తెలియవు, ఎవరి మాట వినాలో తెలియదు. వారిలో ఒకరు ఎవరో అన్న మాట విని వరద గట్టు తెగిందని కబురు పంపారు. గట్టు తెగలేదు. ఆ సంగతి తేలడానికి ఒక పడవ, నలుగురు మనుషులు రెండు గంటలు అక్కడే చిక్కుకుపోయారు, అదే సమయంలో ఇంకొక చోట ఆ పడవ కోసం జనం ఎదురుచూస్తున్నారు. ఆ రెండు గంటలను నేను మరచిపోలేను.

గాలివాన

మీరు చెప్పిన సంఘటన బాధాకరం, దానిని సమర్థించను. అయితే ఆ కబురు పంపిన వ్యక్తికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదని మీ మాటల్లోనే తెలుస్తోంది. నేను వాతావరణ పరిశీలకుల బృందంలో ఉన్నాను. మాకు మొట్టమొదట నేర్పేది, ప్రతి కబురుకూ ముందు అది కొలిచినదో అంచనా వేసినదో, స్వయంగా చూసినదో ఒకరు చెప్పగా విన్నదో చెప్పడం. ఆ ఒక్క అలవాటు ఉండి ఉంటే గట్టు గురించి వచ్చిన మాట "ఒకరు చెప్పారు, నేను చూడలేదు" అనే రూపంలో మీ బల్ల మీదికి వచ్చేది, మీరు పడవను పంపే ముందు మరొకసారి ఆలోచించి ఉండేవారు.

రాడార్లు ఉండగా మనిషి కళ్లతో పనేమిటని కూడా కొందరు అంటారు. రాడార్ కిరణాన్ని నేలకు అర డిగ్రీ ఎత్తులో పంపినా, భూమి వంపు వల్ల 100 కిలోమీటర్ల దూరం చేరేసరికి అది నేలకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని కింద ఏ చెట్టు విరిగిందో, ఎంత పెద్ద వడగళ్లు పడ్డాయో, నీరు వంతెనను ముట్టిందో లేదో రాడార్ చెప్పలేదు. అమెరికాలో జాతీయ వాతావరణ విభాగం స్కైవార్న్ పేరుతో పరిశీలకులకు శిక్షణ ఇస్తున్నది ఇందుకే. అలాగే 1965లో మొదలైన హామ్ ఆపరేటర్ల బృందం హరికేన్ వాచ్ నెట్ 14.325 మెగాహెర్ట్జ్ మీద దీవుల నుంచి, ఓడల నుంచి వాయుపీడనం, గాలి వేగం సేకరిస్తుంది. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రంలో 1980 నుంచి హామ్ స్టేషన్ పనిచేస్తున్నది. గాలి హోరులో ఒక చేత్తో టార్చిలైటు పట్టుకుని, బారోమీటర్ ముల్లు ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు చూసి, ఆ అంకెను చదివే మనిషి ఆ నివేదికల వెనుక ఉంటాడు.

డైపోల్

నియంత్రణ గది గారూ, శాటిలైట్ టెర్మినల్ మంచి సాధనమే, మా బృందం కూడా వాడుతున్నది. కానీ అది ఉన్నచోట మాత్రమే పనిచేస్తుంది, దానిని అక్కడికి ఎవరో మోసుకుని వెళ్లాలి. వాలంటీర్లు చాలాసార్లు ముందు నుంచే అక్కడ ఉంటారు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను తాకినప్పుడు, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో అప్పటికే స్టేషన్ నడుపుతున్నది. వారు వేరే పని మీద వెళ్లినవారే, కానీ ఏరియల్ సిద్ధంగా ఉంది, నడిపే చేతులు సిద్ధంగా ఉన్నాయి, అందువల్ల వెంటనే ఆ స్టేషన్ సహాయపు పనికి మళ్లింది. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను తర్వాత ప్యూర్టో రికోలో 95 శాతానికి పైగా సెల్ టవర్ల సేవలు ఆగిపోయినప్పుడు, అమెరికన్ రెడ్‌క్రాస్ 50 మంది హామ్ ఆపరేటర్లను పంపమని కోరింది. అది చాలా పెద్ద సంస్థ, ఉపగ్రహ పరికరాలు తెలియనిది కాదు.

ఏరియల్‌ను నేలకు దగ్గరగా కడితే పగలు 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, అయనావరణంలో (పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరలో) తిరిగి వంగి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కురుస్తాయి. కొండ అడ్డమున్నా పరవాలేదు, మధ్యలో రిపీటర్ (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే యంత్రం) అవసరం లేదు. పైగా ఫోను ఇద్దరి మధ్య సంభాషణ, ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కలిసే మా నెట్‌లో ఒకరు మాట్లాడితే ముప్ఫై స్టేషన్లు వింటాయి. ఒక ఊరికి దారి మూసుకుపోయిందన్న కబురు అందరికీ ఒకేసారి చేరుతుంది.

ఇక శిక్షణ మాట. ఒక డ్రిల్‌లో నేను "అరవై దుప్పట్లు" అని చదివాను, అవతలి ఆపరేటర్ "ఇరవై" అని రాసుకున్నారు. చెవిలో హోరు ఉన్నప్పుడు ఆ రెండు మాటలకూ తేడా వినబడదు. అప్పటినుంచి మా బృందంలో అంకెలన్నీ విడివిడిగా చదువుతాము: ఆరు, సున్నా. చివర్లో పదాల లెక్క కూడా చెబుతాము, అవతలివారి కాగితంలో లెక్క కలవకపోతే సందేశం ముగిసినట్లు కాదు. ఈ పని ఇంట్లో సెట్టు కొనిపెట్టుకున్నంత మాత్రాన రాదు, నెలనెలా కూర్చుని చేస్తేనే వస్తుంది.

శిబిరం నర్సు

మీరు గొప్పగా చెప్పిన "ముప్ఫై స్టేషన్లు వింటాయి" అన్న మాటే నాకు భయం కలిగిస్తోంది. సహాయ శిబిరంలో నా దగ్గర ఉన్న వివరాలు ఫలానా మహిళకు ప్రసవ నొప్పులని, ఫలానా వ్యక్తి ఫలానా మందు వాడుతున్నాడని, ఫలానా పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడని. అమెచ్యూర్ బ్యాండ్లలో (అమెచ్యూర్లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలలో) అర్థాన్ని దాచేలా సంకేత భాషలో పంపడం నిబంధనల ప్రకారం కూడదు. అంటే ఒంటరి పిల్లవాడు ఏ శిబిరంలో ఉన్నాడో చవకైన రిసీవర్ ఉన్న ఎవరైనా వినవచ్చు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

డైపోల్

పూర్తి జవాబు లేదు, ఉందని చెప్పను. రోగుల పేర్లు, పిల్లల జాడ మా ఫ్రీక్వెన్సీ మీదికి రాకూడదు. "ఒక గర్భిణికి అత్యవసరంగా వాహనం కావాలి, మూడవ శిబిరం" అన్నంత వరకు మేము పంపగలము, మిగతా వివరాలు వేరే దారిన వెళ్లాలి. ఏది పంపవచ్చో, ఏది పంపకూడదో ముందుగానే మీవంటి వారు రాసి ఇస్తే మాకు తేలిక. ఆ రాత్రి, అలసిపోయిన ఆపరేటర్ నిర్ణయానికి దానిని వదిలేయడం అన్యాయం.

పాత ఇంజనీరు

నా భయం వేరు. వాలంటీర్లు ఉన్నారు కదా అని అధికారులు తమ సొంత ప్రత్యామ్నాయ వ్యవస్థకు డబ్బు కేటాయించడం మానేస్తారు. అమెచ్యూర్ అంటేనే ప్రతిఫలం ఆశించకుండా చేసేవాడు. అతని బ్యాటరీని, అతని సెలవు రోజును ప్రభుత్వ బడ్జెట్‌లో ఆదాయంగా లెక్కవేయకూడదు. వారు అదనపు బలంగా ఉండాలి, మొదటి ఆధారంగా ఉండకూడదు.

నియంత్రణ గది

మీ అందరి మాటలూ చదివాక నా అభిప్రాయంలో కొంత మారింది, కొంత మారలేదు. పిలవకుండా వచ్చేవారిని గదిలోకి రానివ్వను, ఇది మారదు. కానీ అధ్యాయాన్ని తీసివేయాలన్న ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. దాని స్థానంలో తక్కువ మందికి, స్పష్టమైన పనులు రాస్తాను: గాలివాన గారు చెప్పిన పద్ధతిలో నేల మీది పరిశీలనల నివేదిక, టెర్మినల్ చేరేలోపు శిబిరాలతో మాట. పేర్లు పంపకూడదన్న జాబితాను రాసి పెట్టమని శిబిరం నర్సు గారినే కోరుతున్నాను. 2003 నాటి ప్రపంచ రేడియో సదస్సు కూడా అమెచ్యూర్లు విపత్తు సహాయానికి ముందుగా సిద్ధపడేందుకు ప్రభుత్వాలు వీలు కల్పించాలని ప్రోత్సహించింది కనుక, మా పైఅధికారులను ఒప్పించడం కష్టం కాకపోవచ్చు. పాత ఇంజనీరు గారి అభ్యంతరానికి మాత్రం నా దగ్గర ఇంకా సమాధానం లేదు, బ్యాటరీల ఖర్చు మేమే భరించాలని రాస్తాను, ఒప్పుకుంటారో లేదో చూడాలి.

డైపోల్ గారూ, ఒక షరతు. వచ్చే డ్రిల్ తేదీ మీకు చెప్పను. ఒక రాత్రి మా గదిలో మెయిన్ స్విచ్ ఆపి, టెర్మినల్‌ను పెట్టెలోనే ఉంచి, రేడియో ఆన్ చేసి కూర్చుంటాను. ఎంతమంది పలుకుతారో, నేను చదివే 60 అవతలి కాగితంలో 60గానే ఉంటుందో లేదో ఇక్కడే వచ్చి రాస్తాను.