‘అద్దెకిచ్చిన బ్యాంకునకు తెలియపరచవలెను’: ఈ ‘ఇచ్చిన’ ఏమిటి?

(మాట్లాడేవాళ్లకు పేర్ల బదులు విశాఖలోని వాళ్ల పేటల పేర్లు పెట్టాం.)

మధురవాడ: గృహరుణ ఒప్పందం తెలుగు నకలులో ఒక వాక్యం నిన్నటి నుంచి బుర్ర తినేస్తోంది. ‘తనఖా ఇంటిని అద్దెకిచ్చిన బ్యాంకునకు తెలియపరచవలెను.’ మధ్యలో ‘ముందుగా’ ఉందో లేదో గుర్తు లేదు, కాగితం లాకర్లో ఉంది. ఇచ్చాక చెప్పాలా, ఇవ్వబోయే ముందా?

సీతమ్మధార: చేదర్థకం, అంటే ‘అలా అయితే’ అని షరతు చెప్పే రూపం. ఇచ్చిన అంటే ఇచ్చినచో. సుమతీ పద్యం ‘అడిగిన జీతంబియ్యని’లో ‘అడిగిన’ కూడా ఇదే బాపతు.

ఎంవీపీ: కాదు మాస్టారూ, అక్కడ ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టి పక్కనున్న నామాన్ని వర్ణించే మాట. అడిగినంత జీతం ఇవ్వని దొర.

సీతమ్మధార: అడిగినంతా ఇచ్చే దొర ఏ కాలంలో ఉన్నాడండీ? అడిగినప్పుడు చేతిలో పెట్టడు, అదీ బాధ. పైగా మీ లెక్కన ఈ వాక్యంలోనూ విశేషణమైతే, ఇల్లు అద్దెకిచ్చింది బ్యాంకే అవుతుంది!

పెందుర్తి: ‘వినదగు నెవ్వరు చెప్పిన’ మరిచారా? అక్కడ చెప్పిన అంటే చెప్పినా. ఇక్కడా రాసినవాడు ‘ఇచ్చినను’ అనుకుని ‘ను’ మింగేశాడేమో.

గాజువాక: చేదర్థకమే అనుకున్నా ముందో వెనకో తేలదు. దస్తావేజులు రాసేవాళ్లు అందుకే ‘ఇచ్చుటకు ముందు’ అని విప్పి రాస్తారు. సంతకం ఏ ప్రతి మీద పెట్టారో అందులో చూడండి, ‘లిఖితపూర్వక అనుమతి’ అనే మాట ఉంటే ఊరికే తెలియజేస్తే చాలదు. ఒప్పందంలో అద్దె మీద ఆంక్ష లేకపోతేనే 1882 ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ పనికొస్తుంది, అంటే మీరిచ్చిన అద్దెకు బ్యాంకూ కట్టుబడాలి. దాని ప్రకారం ఇంటి అద్దె గడువు 3 ఏళ్లు దాటకూడదు, రాసుకున్న 6 నెలల్లోపు మొదలవ్వాలి, పునరుద్ధరణ షరతు ఉండకూడదు, అద్దె ముందుగా పుచ్చుకోకూడదు. ఫలానా గడువులోగా అద్దె కట్టకపోతే ఇల్లు తిరిగి తీసుకుంటామన్న షరతు మాత్రం ఉండాలి. 11 నెలల కాగితంలో చాలామంది వదిలేసేది ఇదే.

ఎంవీపీ: ముందుగా పుచ్చుకోకూడదా? మరి మన ఊళ్లో అడ్వాన్సు?

గాజువాక: చిక్కంతా ఆ మాటలోనే. మనం అడ్వాన్సు అనేది తిరిగి ఇచ్చే సొమ్ము, చట్టం వద్దన్నది ముందస్తు అద్దె. ఒప్పందంలో ‘అడ్వాన్సు అద్దె’ అని రాశారంటే చేజేతులా ఇరుక్కున్నట్టే. ‘ఖాళీ చేసినప్పుడు తిరిగి చెల్లించే ధరావతు’ అని రాయండి.

సీతమ్మధార: ధరావతు! ఎన్నాళ్లకు విన్నాను. ఎన్నికల వార్తల్లో గల్లంతవడానికి తప్ప ఆ మాటను ఎవరూ వాడట్లేదు.

మధురవాడ: ఇంతకీ ఉత్తరంలో ఏం రాయాలి?

గాజువాక: రుణఖాతా నంబరు, ఫ్లాటు చిరునామా, నెల అద్దె, ధరావతు, మొదలయ్యే తేదీ, గడువు. ఒప్పందం చిత్తుప్రతి జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ కొత్త చిరునామా. అది మార్చకపోతే బ్యాంకు కాగితాలన్నీ అద్దెకున్నవాళ్ల గుమ్మంలో పడతాయి. వాయిదాలు తప్పి ఖాతా మొండిబాకీ అయితే సర్ఫేసీ చట్టం (బాకీ కింద తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే స్వాధీనం చేసుకోనిచ్చేది) కింద 60 రోజుల నోటీసూ అక్కడికే పోతుంది, గడువు మాత్రం ఆగదు. ఆ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా అద్దెకివ్వడం కుదరదు, అదే చట్టం 13(13) సెక్షన్ అడ్డు. ఇంటికి బీమా ఉంటే వాళ్లకూ ఒక ముక్క రాయండి.

పెందుర్తి: చూశారా, సమ్మతి వేరు, ఎరుక వేరు. ‘తెలియపరచు’ అన్నాడు గనక ఎరుక చాలు.

ఎంవీపీ: ‘ముందుగా’ లేకపోతే కదా.

సీతమ్మధార: ‘ముందుగా’ ఉన్నా నా చేదర్థకం చెక్కుచెదరదు. అసలు మీరు ‘అడిగిన’కి అలా అర్థం చెబితే, ‘మిడిమేలపు దొర’కి ఏం చెబుతారో వినాలని ఉంది.

ఎంవీపీ: పొగరుబోతు. ఇంకేముంది?

సీతమ్మధార: పొగరొక్కటేనా? తెలివిమాలినతనం ఎక్కడికి పోయింది? నిఘంటువు తీయండి.

మధురవాడ: లాకరు సోమవారం తీస్తానండీ.

పెందుర్తి: తీసినప్పుడు ‘ను’ ఉందేమో చూడండి.