సిమ్లాకు వచ్చే పర్యాటకుల వాహనాలకు పరిమితి ఉండాలా?

దారిదీపం:
మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీ, కొడైకెనాల్ వెళ్లేవారికి 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది. మరుసటి వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు మించరాదన్నారు. సిమ్లాకూ ఈ నియమం కావాలని నా వాదన. 2018 మే నెలాఖరున కుళాయిలు ఎండిపోయి, జనం బకెట్లతో ట్యాంకర్ల ముందు బారులు తీరినప్పుడు, దయచేసి ఇటు రావద్దని స్థానికులే సామాజిక మాధ్యమాల్లో పర్యాటకులను వేడుకున్నారు.

తెల్లమబ్బు:
పరిమితి పెడితే ముందుగా నష్టపోయేది పెద్ద హోటళ్లవారు కారు. టాక్సీ నడిపేవారు, వాహనాలకు ప్రవేశం లేని మాల్ రోడ్డు మీద పెట్టెలను వీపున మోసి హోటల్‌కు చేర్చే కూలీలు నష్టపోతారు. వారి సంగతి తేల్చకుండా పాసుల మాట ఎత్తడం న్యాయం కాదు.

వాలుకొండ:
మీరిద్దరూ రోడ్డు మీది బండ్లనే లెక్కిస్తున్నారు, కొండ మీది బరువును లెక్కించడం లేదు. 1864లో బ్రిటిష్ వారు వేసవి రాజధానిగా చేసుకున్న ఈ ఊరు సుమారు 25,000 మందికి ఉద్దేశించినదని అంటారు; 2011 జనాభా లెక్కల నాటికి నగరంలో దాదాపు 1.7 లక్షల మంది ఉన్నారు. ఇంతమందికి చోటు కోసం వాలును నిట్టనిలువుగా తొలిచి, తవ్విన మట్టిని కిందికి దొర్లించి, స్తంభాల మీద ఐదారు అంతస్తులు లేపుతూ వచ్చారు. ఆ మట్టి నాలాలను పూడ్చేస్తే, పోవడానికి దారి దొరకని వాననీరు పునాదుల కిందికి ఇంకుతుంది. 2023 ఆగస్టు 14న సమ్మర్ హిల్‌లో కొండచరియ శివాలయం మీద పడి 20 మంది చనిపోయారు. కింద నేల జారిపోవడంతో కాల్కా-సిమ్లా రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. మరునాడు కృష్ణానగర్‌లో కబేళా భవనం, కొన్ని ఇళ్లు కూలిపోయాయి. కుండపోత వాన కారణం కాదనను, కానీ అది వర్షాకాలం; వేసవి రద్దీ అప్పటికే తగ్గిపోయింది. పాసులు ఉన్నా ఆ ప్రమాదాలు ఆగేవి కావు.

జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 నవంబరులో నగర నడిబొడ్డున, పచ్చటి ప్రాంతాల్లో కొత్త నిర్మాణాలను నిషేధించి, మిగతాచోట్ల రెండు అంతస్తులు, అటక వరకే అనుమతించింది. నగర ప్రణాళిక రచన రాష్ట్రం పని అంటూ సుప్రీంకోర్టు 2024 జనవరిలో దాన్ని పక్కన పెట్టి, 2041 అభివృద్ధి ప్రణాళికకు దారి ఇచ్చింది. అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అది సరైన జవాబే కావచ్చు. అయితే 17 హరిత మండలాల్లో షరతులతో ఇళ్లు కట్టనిచ్చే ఆ ప్రణాళికను చదివి కూడా ముందు బండ్లను ఆపుదామనడం నాకు వింతగా ఉంది.

దారిదీపం:
వాలుకొండ గారూ, ఆ అంతస్తుల్లో చాలావాటిని గదులు అద్దెకివ్వడానికే కట్టారని మీరు మరచిపోతున్నారు. గిరాకీ తగ్గితే కొండను తవ్వే ఆశ కూడా తగ్గుతుంది.

వాలుకొండ:
అది కొంతవరకు నిజమే. కానీ వచ్చే వాహనాలను ఎప్పుడైనా తగ్గించవచ్చు, కోసిన కొండను మళ్లీ అతికించలేము. అందువల్ల హరిత మండలాల్లో అనుమతులను ముందు ఆపాలి. పాసులకు రుసుము పెట్టేట్లయితే ఆ సొమ్మును నాలాల పూడికతీతకే కేటాయించాలి. తెల్లమబ్బు గారు చెప్పిన కూలీలకు ఆ పనుల్లో తొలి ప్రాధాన్యం ఇస్తామంటే, నేనూ పరిమితికి ఒప్పుకుంటాను.