నంద్యాల రోడ్డు వైపు కొత్త కాలనీలో ఇల్లు కొనాలా, కర్నూలు ఊళ్లోనే ఉండాలా? కాపురం ఉన్నవాళ్లు చెప్పండి

బాడుగ_బాబు:
అందరికీ నమస్తే. సి క్యాంపు దగ్గర పన్నెండేళ్లుగా బాడుగ ఇంట్లో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, పాప (9), బాబు (5), మా అమ్మ. మేడ మీద పోర్షన్ మాది, కింద ఓనర్లు. పిల్లలు కాస్త గెంతితే చాలు, కింద నుంచి కర్రతో సీలింగు పొడుస్తారు. ఇక చాలనిపించింది.

రెండు ఇళ్లు చూశాం. ఒకటి నంద్యాల రోడ్డులో చెక్‌పోస్ట్ దాటాక ఏడు కిలోమీటర్లు పోయి, లోపలికి తిరిగితే వచ్చే వెంచర్‌లో. నాలుగు సెంట్లు, డబుల్ బెడ్‌రూమ్, తూర్పు వాకిలి, వెనక రెండు కొబ్బరి మొక్కలు. 58 లక్షలు చెబుతున్నారు. రెండోది ఊళ్లోనే, బుధవారపేటలో సందు లోపల, రెండు సెంట్ల పాత ఇల్లు. బేతంచెర్ల బండల నేల, కిటికీ తీస్తే పక్కింటి గోడ. దానికీ దాదాపు అంతే అడుగుతున్నారు.

వెంచర్ వాళ్ల కాగితంలో 'ఫ్యామిలీలకు అనువైన ప్రశాంత వాతావరణం' అని ఉంది. ఆదివారం సాయంత్రం వెళ్తే అబద్ధమేమీ కాదనిపించింది. పిల్లలు రోడ్డు మధ్యలో సైకిళ్లు తొక్కుతున్నారు, హారన్ అన్న మాటే లేదు. మా ఆవిడ అక్కడే బెడ్‌రూముకు కర్టెన్ రంగు ఎంచేసింది. అమ్మ మాత్రం మెట్ల మీద కూర్చొని ఒక్క మాట మాట్లాడలేదు. అదే నాకు టెన్షన్. కొనేయాలా?

గుట్టకింద_ఇల్లు:
కొనెయ్ తమ్ముడూ. జగన్నాథగట్టు వైపు ఒక కాలనీలో ఆరేళ్లుగా ఉంటున్నా. అంతకుముందు పాత బస్టాండు దగ్గర ఉండేవాళ్లం. రాత్రి రెండింటికి కూడా లారీ రివర్స్ హారన్ వినపడేది. ఇక్కడికొచ్చిన మొదటి వారం ఆ నిశ్శబ్దానికే నిద్ర పట్టలేదు, నమ్ము. ఇప్పుడు మా పెద్దోడు పొద్దున ఆరుకే లేచి షటిల్ ఆడి బడికి పోతాడు. సాయంత్రం మేడ మీద చల్లగాలి. కర్నూలు ఎండలో ఆ గాలి విలువ ఎంతో ఊళ్లో ఉన్నవాళ్లకు తెలీదు.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటి రెండేళ్లు చుట్టూ అన్నీ ఖాళీ ప్లాట్లే. వాటి నిండా కంపచెట్లు. వానాకాలం పాములు. ప్లాట్ల ఓనర్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు, ఫోన్ చేస్తే 'మీరే కొట్టించండి, డబ్బులు పంపిస్తాం' అంటారు. పంపరు. అయినా మళ్లీ ఊళ్లోకి రమ్మంటే రాను.

వంటింటి_కిటికీ:
అన్నా, మీరు పొద్దున ఎన్నింటికి బయటికి పోతారు, రాత్రి ఎన్నింటికి వస్తారు? ముందు అది చెప్పండి.

అలాంటి కాలనీలోనే నాలుగేళ్లు ఉండి వచ్చినదాన్ని. తొమ్మిదిన్నరకు మా ఆయన డ్యూటీకి, పిల్లలు బడి బస్సెక్కి పోతే, సాయంత్రం అయిదు దాకా నేనూ మా అత్తా. పదకొండింటికి నా కుక్కర్ విజిల్ తప్ప ఇంకో చప్పుడు ఉండదు. ప్రశాంతత అంటే అదే అయితే నాకు బాగా తెలుసు. కొత్తిమీర కట్ట కావాలన్నా స్కూటీ తీయాలి. పాలతను ఒక్కపూటే వస్తాడు. ఒకరోజు మా అత్తకు కళ్లు తిరిగి పడిపోతే ఫోన్‌లో పిలిచిన ఆటో 40 నిమిషాలకు వచ్చింది. అప్పటికి ఆమెకు తెలివి వచ్చి, నన్నే ఓదారుస్తోంది.

మీ అమ్మగారు ఎందుకు మాట్లాడలేదో నాకు అర్థమైంది. సి క్యాంపులో ఆమె సాయంత్రం గేటు దగ్గర నిలబడితే పదిమంది పలకరిస్తారు. రైతుబజారుకు నడిచి పోతుంది. అక్కడికి తీసుకుపోయి ఇల్లు విశాలంగా ఉంది కదా అంటే ఆమె ఏం చేసుకుంటుంది ఆ విశాలం?

ఆదివారం సాయంత్రం కాదు, మంగళవారం పదకొండింటికి వెళ్లి చూడండి.

గుట్టకింద_ఇల్లు:
అక్కా, ఒప్పుకుంటా. మా ఆవిడకు మీ పోస్టు చదివి వినిపించా. 'ఇన్నాళ్లూ నేను చెప్పింది ఇదే కదా' అంది. ఆరేళ్లలో ఎప్పుడు చెప్పిందో మరి, నాకైతే గుర్తు లేదు.

హంద్రీ_ఒడ్డు:
నా మాట వేరే. బుధవారపేట ఇల్లు కొనేముందు 2009 గురించి అడిగావా?

అక్టోబరు 2, గాంధీ జయంతి సెలవు. అప్పుడు నేను ఇంటర్. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీదికి వచ్చాయి. కింద శ్రీశైలానికే 25 లక్షల క్యూసెక్కులు చేరిన వరద అది. మా వీధిలో కింది అంతస్తులు మునిగిపోతే మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. మా నాయన పెళ్లిలో పెట్టిన బీరువా తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు.

అందుకని బయటి వెంచర్లే క్షేమం అని కూడా అనను. నది పక్కన లేకపోయినా వంక పక్కన, అంటే వాన నీళ్లు పారే వాగు పక్కన ఉండొచ్చు. చదును చేసి రాళ్లు పాతేస్తే వంక కనపడదు, నీళ్లకు మాత్రం దారి గుర్తుంటుంది. ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లుంటారు, వాళ్లను అడుగు, వాన పడితే నీళ్లు ఎటు పోతాయని. ఇంజనీరు కంటే బాగా చెబుతారు. ఇంకోటి, నేల నల్లరేగడా చూసుకో. మన దగ్గర రేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది. గరుసు పోయకుండా, పునాది లోతు తీయకుండా కట్టి అమ్మేసిన ఇళ్లకు మూడో ఏట గోడల్లో బీటలు. కొత్త పెయింట్ మీద అవి కనపడవు.

రిటైర్డ్_మాస్టారు:
ఒక పాత సంగతి. మీరు ఊరి మధ్య అనుకుంటున్న ఆ సి క్యాంపు కూడా ఒకప్పుడు ఊరి బయటే. 1953 అక్టోబరులో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగులకోసం వేసిన క్యాంపులే ఎ, బి, సి. మూడేళ్లకు రాజధాని పోయింది, క్యాంపులు మిగిలాయి, వాటి చుట్టూ ఊరు పెరిగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ రాత్రి నడవాలంటే టార్చిలైటు పట్టుకొని పోయేవాళ్లం. ఇప్పుడు మీరు అక్కడి రద్దీ పడలేక పారిపోతున్నారు.

కాబట్టి ప్రశాంతత కోసం ఎక్కువ డబ్బు పెట్టి కొనేవాళ్లు అది ఎన్నేళ్లు ఉంటుందో కూడా లెక్క వేసుకోవాలి. మీ ఎదురు ప్లాటులో రేపు ఫంక్షన్ హాలు రావచ్చు. అయిదేళ్లు ఏమీ రాకుండా కంపచెట్లే ఉండిపోవచ్చు కూడా. రెండూ చూశాను. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్నప్పుడు ఊరి చుట్టూ ధరలు ఎలా చెప్పారో గుర్తుందా? 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. కాగితం మీద చూపిన ధర మాత్రం వెనక్కి రాలేదు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు దగ్గరే అంటారు. నెలకు ఎన్నిసార్లు విమానమెక్కుతారు నాయనా?

లింకు_డాక్యుమెంటు:
అందరూ గాలి, వాన, గొర్రెల గురించి చెబుతున్నారు. కాగితాల సంగతి నేను చెబుతా. ఇరవై ఏళ్లుగా ఇదే పని.

లేఅవుట్‌కు అప్రూవల్ ఉందా, ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఎంత అడగండి. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు పన్నెండు సెంట్లు దాటిన వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూడాలి. డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే ఎంత చవకైనా దగ్గరికి పోకండి. 1977 చట్టం అలాంటి భూముల అమ్మకాన్ని కట్టడి చేస్తుంది, అమ్మకమే చెల్లకపోవచ్చు.

అన్నిటికంటే జనం మరిచిపోయేది పార్కు. అప్రూవ్డ్ లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి, పంచాయతీకో కార్పొరేషన్‌కో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. ఆ డీడ్ నకలు అడగండి. పిల్లలు సైకిల్ తొక్కుతున్న ఆ జాగా రోడ్డా, పార్కా, ఇంకా అమ్ముడుపోని ప్లాటా? నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం మూడేళ్లు పార్కు అనుకొని నీళ్లు పోసి పెంచిన చెట్లు ఒకరోజు జేసీబీతో పోయాయి. అది ఎవరిదో ప్లాటు.

ఖర్చు సంగతి. స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. మీరు 20 లక్షలు చేతి నుంచి పెట్టి 38 లక్షలు లోన్ తీసుకున్నారనుకోండి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లంటే నెలకు దాదాపు 33,000. మొత్తం కట్టేది 79 లక్షలు. ఇప్పుడు మీ బాడుగ ఎంత?

బాడుగ_బాబు:
11,000 అన్నా. మీ లెక్క చూశాక కింద ఓనర్ల కర్ర చప్పుడు కొంచెం తగ్గినట్టుంది.

నిజంగా అడుగుతున్నా, నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. బోరు ఉంది, చాలంటున్నారు.

గుట్టకింద_ఇల్లు:
ఏప్రిల్‌లో పోయి చూసి చెప్పు, చాలుతుందో లేదో. ఊళ్లోకి తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నీళ్లు వస్తాయి, అవి తగ్గితే గాజులదిన్నె ప్రాజెక్టు వైపు చూస్తారు. పైపులైను లేని కాలనీకి బోరే దిక్కు, అది ఎండితే ట్యాంకరు. మాకు రెండు ఎండాకాలాలు ట్యాంకర్లతోనే గడిచాయి. ఇది మొదటి పోస్టులో రాయాల్సింది, మరిచిపోయా.

వంటింటి_కిటికీ:
మరిచిపోలేదన్నా. నీళ్లు పట్టింది మీరు కాదు.

సందులో_షాపు:
ఇంతమంది రాశారు గాని ఒక మాట మీద ఎవరూ ఆగలేదు. 'ఫ్యామిలీలకు అనువైన'. ఆ మాట చూస్తే నాకు కొంచెం భయం.

మాది వన్‌టౌన్‌లో చిన్న బేకరీ. రెండేళ్ల క్రితం నేను కూడా అలాంటి కాలనీలోనే బాడుగకు ఇల్లు చూశా. భార్య, ముగ్గురు పిల్లలు, అమ్మానాన్న. ఇంతకంటే ఫ్యామిలీ ఎక్కడుంటుంది? రేటు కుదిరింది. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు పేరు అడిగారు, చెప్పా. మరుసటి రోజు 'మా బావమరిది తీసుకుంటానంటున్నాడు' అన్నారు. ఆ ఇంటికి టు-లెట్ బోర్డు ఆరు నెలలు వేలాడింది. ఇంకో చోట నాన్‌వెజ్ వండుతారా అన్నారు. కర్నూల్లో ఈ ప్రశ్న అడిగితే నవ్వాలో ఏడవాలో తెలీదు.

కొనొద్దని చెప్పడం లేదు. మీరు ఏ పేరు గలవాళ్లో నాకు తెలీదు, అడగను కూడా. కానీ పోయి చూసేటప్పుడు అక్కడ ఎలాంటి మనుషులు ఉన్నారో, ఎవరిని రానీయలేదో కూడా చూడండి. మీ పిల్లలు పెరిగేది ఆ వీధిలోనే కదా. మా సందు ఇరుకే. కానీ మా పక్కింటి పెద్దమ్మ ఉగాది పచ్చడి మా గిన్నెలోనే పంపిస్తుంది, మేం రంజాన్‌కు అదే గిన్నెలో సేమ్యా పోసి పంపుతాం. ఆ గిన్నె అసలు ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

హంద్రీ_ఒడ్డు:
భాయ్, 2009లో మూడు రోజులు మా మేడ మీద నాలుగు ఇళ్లవాళ్లం ఒకే స్టవ్ మీద వండుకున్నాం. ఎవరు ఎవరని అడగలేదు. నీళ్లు దిగాక ఎవరిళ్లకు వాళ్లం పోయాం, అదీ నిజమే.

గుట్టకింద_ఇల్లు:
మా కాలనీలో అలాంటిదేమీ లేదని రాయబోయి ఆగా. 64 ఇళ్లున్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ తలుచుకుంటే, ఎందుకు అందరూ ఒకేలా ఉన్నారో నేనెప్పుడూ అనుకోలేదు.

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, ఒక సలహా. అదే కాలనీలో ఒక ఏడాది బాడుగకు ఉండు. ఎండాకాలం నీళ్లు, వానాకాలం రోడ్డు, మీ అమ్మగారి సాయంత్రాలు, అన్నీ తెలిసిపోతాయి.

లింకు_డాక్యుమెంటు:
మాస్టారూ, ఈ ఏడాదిలో రేటు పెరిగితే మీరిస్తారా?

రిటైర్డ్_మాస్టారు:
తగ్గితే మీరు తీసుకుంటారా?

బాడుగ_బాబు:
నెల తర్వాత రాస్తున్నా, లేటయినందుకు ఏమీ అనుకోవద్దు.

అక్క చెప్పినట్టు మంగళవారం సెలవు పెట్టి పదకొండింటికి అమ్మను తీసుకొని వెళ్లా. ఆదివారం చూసిన కాలనీ ఇదేనా అనిపించింది. అన్నీ మూసిన తలుపులు. ఒక కుక్క, ఒక కొరియర్ అబ్బాయి. వెనక్కి తిరిగి వస్తుంటే ఒకామె వడియాలు ఆరబెడుతూ కనపడింది. అమ్మ దిగి నీళ్లు అడిగింది. నలభై నిమిషాలు బయటికి రాలేదు. వచ్చాక చెప్పింది: పార్కు జాగా మీద గొడవ ఉందట, బోరు ఎండాకాలం గంటే పోస్తుందట, వాళ్ల కోడలు ఆదోనిలో టీచరట. నేను నెల రోజులుగా ఫోన్లు చేసి తెలుసుకోలేనిది.

గిఫ్ట్ డీడ్ నకలు అడిగితే వెంచర్ వాళ్లు 'రేపు' అన్నారు. మూడు రేపులు అయ్యాయి. మొన్న ఇంకెవరో అడ్వాన్సు ఇచ్చారని ఫోన్ చేశారు. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు అదే వీధిలో, ఆ వడియాల ఆమె ఎదురింట్లో, 8,500 బాడుగకు దిగుతున్నాం. ఏడాది చూస్తాం. కిందే ఇల్లు, కాబట్టి పిల్లలు ఎంతైనా గెంతొచ్చు. బుధవారపేట ఇల్లు వదిలేశా. గోడ మీద 2009 నీళ్ల గీత ఎంత ఎత్తుందో ఓనరే చూపించాడు, పాపం నిజాయితీపరుడు.

వంటింటి_కిటికీ:
అమ్మగారు ఒప్పుకున్నారా?

బాడుగ_బాబు:
ఒప్పుకుంది, షరతు మీద. మంగళ, శుక్రవారాలు ఆటోలో సి క్యాంపుకు పోయి, రైతుబజారు చూసుకొని, పాత గేటు దగ్గర గంట నిలబడి వస్తానంది. ఆటో పోనూ రానూ ఎంతవుతుందో నేనింకా అడగలేదు.