పెన్సిల్వేనియాలో ఒక్క రోజు ఆలస్యం: గడువు ముఖ్యమా, నిజం ముఖ్యమా?

కృష్ణాతీరం:
సుబ్రహ్మణ్యం వేదం కేసు చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. తొమ్మిది నెలల పసివాడిగా అమెరికా వచ్చిన మనిషి. అక్కడి పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1980లో జరిగిన హత్యకు 1983లో యావజ్జీవం పడింది. మళ్లీ విచారణ జరిగితే 1988లో మళ్లీ అదే తీర్పు. హతుడి తలకు తగిలింది ప్రాసిక్యూటర్లు, అంటే ప్రభుత్వ వకీళ్లు, చెప్పిన .25 క్యాలిబర్ తూటా కాకపోవచ్చని సూచించే ఎఫ్‌బీఐ కొలతలు ఇన్నేళ్లూ వాళ్ల ఫైళ్లలోనే పడి ఉన్నాయి. 2025 ఆగస్టులో జడ్జి ఆ శిక్ష రద్దు చేశారు, అక్టోబరులో ప్రాసిక్యూటర్ కేసు ఎత్తేశారు. అప్పటికి 43 ఏళ్లు జైల్లోనే గడిచాయి. బయటికి రాగానే పాత డ్రగ్స్ కేసు చూపి ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకుపోయారు. అది వేరే దుఃఖం.

నా ఫిర్యాదు పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు మీద. శిక్ష ఖరారైన ఏడాదిలోగా అప్పీలు చేసుకోకపోతే వినే అధికారమే ఏ కోర్టుకూ లేదని ఆ కోర్టు ఏళ్ల తరబడి చెబుతోంది. ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడో ఉన్న కాగితం ఖైదీకి తెలిసినట్టే లెక్క అన్న వాదనను పూర్తిగా వదులుకోవడానికి దానికి 2020 దాకా పట్టింది. జైల్లో ఉన్నవాడు రికార్డుల గది ఎలా వెతుకుతాడు?

లేఖరి:
ముందు మాట సరిచేయండి. ఇవి అప్పీళ్లు కావు. అక్కడ అప్పీలుకు గడువు 30 రోజులు. మీరు చెబుతున్నవి శిక్ష ఖరారయ్యాక వేసే పిటిషన్లు. ఆ ఏడాది గడువు 1995లో శాసనసభ పెట్టింది, కోర్టు కాదు. మూడు మినహాయింపులు కూడా ఉన్నాయి: ప్రభుత్వాధికారులు అడ్డుపడితే, ముందు తెలియని వాస్తవం బయటపడితే, కోర్టు కొత్త హక్కును గుర్తించి పాత కేసులకూ వర్తింపజేస్తే. వేదం బయటపడింది కొత్తగా దొరికిన ఆధారంతోనే కదా?

కృష్ణాతీరం:
అప్పీలు అన్నా పిటిషన్ అన్నా తలుపు మూసేస్తే లోపల ఉన్నవాడికి తేడా ఏమిటి? శాసనసభ గడువు పెట్టింది, నిజమే. దానిని కోర్టు అధికారానికే ముడిపెట్టి, ఎంతటి అన్యాయం కనిపించినా సడలించలేమని బిగించింది ఎవరు? అదే రాష్ట్రంలో పీటర్సన్ అనే ఖైదీ కేసు చూడండి. 1997లో వకీలు ఒక్క రోజు ఆలస్యంగా పిటిషన్ వేశారు. పదిహేనేళ్లు కేసు నడిచాక పై కోర్టు ఆ ఒక్క రోజును చూసి విననే వినమంది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో వకీలు తప్పు ఖైదీ నెత్తిన రుద్దకూడదని సరిచేసింది. అంతవరకు పోయిన కాలం ఎవరిది?

నాకు ఈ నొప్పి తెలుసు. మా మేనమామకు ఊళ్లో ఒక కేసులో యావజ్జీవం పడింది. వకీలు ఫీజు తీసుకుని అప్పీలు వేశానన్నాడు, వేయలేదు. నాలుగేళ్ల తరువాత మా అత్తయ్య హైకోర్టులో వాకబు చేస్తే ఆ పేరుతో నంబరే లేదు. ఆలస్యాన్ని మన్నించారు కాబట్టి మామయ్య నిర్దోషిగా ఇంటికి వచ్చాడు. పెన్సిల్వేనియాలో ఉంటే ఆయన శవమే వచ్చేది.

గోదావరి గట్టు:
మన దగ్గర హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులు. దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద తగిన కారణం చూపి అడగవచ్చు. ఆ వెసులుబాటు చిన్నది కాదు.

లేఖరి:
మీ మామయ్యది అప్పీలు. కనుక పోలిక కుదరదు.

పాత గుంటూరు:
ఇంతసేపూ చదువుతున్నాను. ఒక్కరైనా చనిపోయిన మనిషి ఇంటివాళ్ల గురించి మాట్లాడలేదు.

మా అన్నయ్యను 2003లో చంపారు. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టులో అప్పీలు పదకొండేళ్లు నడిచింది. ప్రతి వాయిదాకూ అమ్మ ముందురోజు రాత్రి అన్నం ముట్టేది కాదు. తీర్పు వచ్చేనాటికి ఆమె లేదు. వాళ్లను వదిలేశారని నాకు పేపరులో చూసిన పొరుగింటాయన చెప్పాడు. గడువు ఉండాలి. ఏదో ఒక రోజున ఇది అయిపోయిందని చెప్పేవాళ్లు ఉండాలి.

కృష్ణాతీరం:
మీ దుఃఖానికి నా సానుభూతి. కాని మీరు చెప్పింది కోర్టు నత్తనడక గురించి, గడువు గురించి కాదు. నిర్దోషి జైల్లో కుళ్లితే మీ అన్నయ్యకు న్యాయం జరుగుతుందా?

పాత గుంటూరు:
మా అన్నయ్య పేరు ఎత్తకండి. ప్రతివాడూ నిర్దోషే, అందరి మామయ్యలూ నిర్దోషులే. మీ మామయ్య చంపలేదని మీకెలా తెలుసు? కోర్టు సాక్ష్యం చాలదన్నది, అంతేగా?

కృష్ణాతీరం:
ఈ మాట మా అత్తయ్య ముందు అనగలరా? నాలుగేళ్లు ఊరంతా ఆమెను ఇలాగే అడిగింది.

గోదావరి గట్టు:
ఇద్దరూ కాసేపు ఆగండి, దయచేసి.

పాత గుంటూరు:
ఉదయం ఆ మాట అనవలసింది కాదు. మీ అత్తయ్యగారిని అన్నట్టయింది, క్షమించండి.

కాని నా మాట వినండి. దాచిన కాగితం బయటపడితే కేసు తెరవద్దని నేను ఎప్పుడూ అనలేదు. వేదం విషయంలో ఆ జడ్జి చేసింది సరైన పనే. నా కోపం వేరు. కాగితం దాచింది ప్రాసిక్యూటర్లు. శిక్ష అనుభవించింది వేదం. హతుడి ఇంటివాళ్లు నమ్ముకున్న తీర్పు కూడా ఇన్నేళ్లకు చేతిలోంచి జారిపోయింది. దాచినవాళ్లకు మాత్రం ఏ గడువూ లేదు.

కృష్ణాతీరం:
ఇది మీరు మొదటే అని ఉంటే మనకు గొడవే లేదు. నేను అడిగేదీ అదే. తప్పు ప్రభుత్వానిదైతే గడియారం ఖైదీ మీద తిరగకూడదు.

పాత గుంటూరు:
గొడవ ఉంది. మీరు గడియారం ఆపమంటున్నారు. ఆపిన ప్రతిసారీ మాలాంటి ఇంటికి ఆ కబురు ఎవరు చెబుతారు?

లేఖరి:
పెన్సిల్వేనియాలో బాధితుల తరఫున ప్రభుత్వ కార్యాలయం ఉంది. అక్కడ పేరు నమోదు చేసుకుంటే ఖైదీ విడుదల వంటివి తెలియజేస్తారు.

పాత గుంటూరు:
నమోదు చేసుకోవలసింది కూడా మేమేనా?